అడవికి పోయేటప్పుడు మన పెద్దల మూట

సెలవు రోజుల్లో మారేడుమిల్లి, అరకు, నల్లమల దారుల్లో పట్నం నుంచి వచ్చేవాళ్ళను మనం చూస్తూనే ఉంటాం. వీపున పెద్ద సంచి. అందులో నీళ్ళ సీసా, లైటరు, నైలాన్ తాడు, మడత కత్తి, వాన కోటు, వాడి పారేసే పళ్ళాలు. అడవిలో ఒక్క రాత్రి గడపడానికి వేల రూపాయల సామాను. వాళ్ళను తప్పుపట్టడానికి మేము ఇది రాయడం లేదు. ఆ సంచిలోని ప్రతి వస్తువుకూ మన ఇళ్ళలో ఒక పాత జోడు ఉందని గుర్తు చేయడానికి రాస్తున్నాం. నీళ్ళకు ఆనప బుర్ర, నిప్పుకు చెకుముకి రాయి, కట్టడానికి అడ్డనార, తినడానికి అడ్డాకు, వానకు గిడుగు, కొయ్యడానికి కత్తి. కొంగున ముడివేసిన ఉప్పు. వీటిలో బయటి నుంచి రావలసినవి ఇనుము, ఉప్పు మాత్రమే. మిగతావన్నీ పెరడూ అడవీ ఇచ్చినవే.

మన చరిత్ర అంటే పోరాటాల తేదీలు, నాయకుల పేర్లు అని బడిలో చదువుకున్నాం. అవి కావలసినవే. కానీ ఆ పోరాటాలు చేసినవాళ్ళు అడవిలో నీళ్ళు దేనిలో మోశారు, వానలో నిప్పు ఎలా చేశారు అని మనం అడగలేదు. ఈ చౌక వస్తువుల వెంట నడిస్తే మన మీదికి వచ్చిన చట్టాలు, అప్పులు కూడా ఆ దారిలోనే కనబడతాయి.

ముందు నీళ్ళ సంగతి. ఆనప బుర్ర అన్నా సొర బుర్ర అన్నా ఒకటే. కాయను తీగ మీదే ముదరనిస్తారు. పెంకు గట్టిపడ్డాక కోసి, తొడిమ దగ్గర రంధ్రం చేసి, నీళ్ళు పోసి లోపలి గుజ్జును కుళ్ళనిస్తారు. గింజలతో సహా దాన్ని బయటికి తీసి, చేదు పోయేదాకా నీళ్ళు మార్చి కడిగి ఎండబెడతారు. బరువు లేదు, ఎండలోనూ నీళ్ళు చల్లగా ఉంటాయి. అంబలి పోసుకుంటే అదే భోజనం క్యారియర్. గింజలు దాచుకుంటే వచ్చే ఏడు మళ్ళీ బుర్రలు కాస్తాయి. బురద నీళ్ళు తేరడానికి చిల్లగింజను కుండ లోపల రుద్ది నీళ్ళు పోసేవారు, మట్టి అడుక్కి దిగేది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ గింజ బురదను దించుతుంది గానీ రోగాన్ని చంపదు. ఇప్పుడు ఎవరైనా వాడితే తేరిన నీళ్ళను మరగబెట్టే తాగాలి.

తరువాత నిప్పు. చెకుముకి రాయిని ఇనుప ముక్కతో కొట్టి, రాలిన రవ్వను బూరుగు దూదిలో పట్టి, నోటితో ఊది మంట చేసేవారు. దూది తడవకుండా చూసుకోవడమే అసలు విద్య. అగ్గిపెట్టె సంతకు వచ్చాక ఈ పని తేలికైంది, మంచిదే. కానీ నిప్పుతో మన సంబంధం మారింది అగ్గిపెట్టె వల్ల కాదు, చట్టం వల్ల. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం, చెట్టు కొట్టడం, పశువులను మేపడం నేరాలయ్యాయి. తాతల నుంచి చేస్తున్న పనికే మనవళ్ళు జుల్మానా కట్టవలసి వచ్చింది. భుజాన గొడ్డలి, నడుమున చెకుముకి ఉన్న మనిషి తన సొంత అడవిలోనే అనుమానితుడయ్యాడు. నిజాం రాజ్యంలోనూ అడవులకు గీతలు గీశారు. ఆ గీతల మీద లేచిన గొంతే కొమురం భీముది. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణమిచ్చింది ఈ హక్కు కోసమే.

ఇక అడ్డతీగ. దాని ఆకు విస్తరి, దొన్నె. దాని నార గట్టి తాడు. వెదురు బద్దల మధ్య ఆకులు పరిచి కుడితే గిడుగు. అది వీపును కప్పుతుంది, చేతులను పనికి వదులుతుంది. ఒకే తీగ పళ్ళెం, తాడు, వాన కోటు అయింది. అడ్డతీగల అనే ఊరి పేరులోనే ఆ తీగ ఉంది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం అక్కడి పోలీసు స్టేషన్ మీద దాడి చేసిందని మన పిల్లలకు తెలుసు. ఆ ఊరి పేరులోని తీగను ఎంతమంది గుర్తుపడతారు?

ఆ పోరాటం 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్‌తో మొదలై 1924 మే దాకా సాగింది. గాం గంటం దొర, గాం మల్లు దొర వంటి మనవాళ్ళు అందులో ముందు నిలిచారు. అణచడానికి కొండ అడవులు అలవాటున్న అస్సాం రైఫిల్స్‌ను దూరం నుంచి తెప్పించవలసి వచ్చింది. స్టేషన్లలో దొరికిన తుపాకుల గురించి అందరూ చెబుతారు. తుపాకీ ఒక్క రోజు పోరుకు చాలుతుంది. దాదాపు రెండేళ్ళు కొండల్లో నిలవాలంటే ఊట ఎక్కడుందో, తినదగిన దుంప ఏదో, తడి కట్టెల్లో మండేది ఏదో తెలియాలి. రాత్రివేళ అంబలి పోసే ఊరు ఉండాలి. ఆ తెలివి, ఆ ఊళ్ళు మన ఆడవాళ్ళవి, మన ముసలివాళ్ళవి. వాళ్ళ పేర్లు శిలాఫలకాల మీద లేవు.

అడవి ఇవ్వనిది ఉప్పు. సముద్రం నుంచి సంతకు రావాలి. తెల్లదొరల కాలంలో దాని మీద పన్ను కూడా ఉండేది. చింతపండు, కుంకుడుకాయలు ఇచ్చి ఉప్పు తెచ్చుకునేవారు. కుంచం వర్తకుడిది, లెక్క వర్తకుడిది. ఉప్పు, బట్ట, ఇనుము కోసం మొదలైన అప్పు చివరికి భూమి దాకా వచ్చేది. అందుకే 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చారు. గిరిజనుల అప్పు మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ కూడదని అందులో రాశారు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. మన సరుకు కొని, ఉప్పూ పప్పూ సరసమైన ధరకు అమ్మడం దాని పని. చిటికెడు ఉప్పు వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇప్పుడు ఏం జరుగుతోంది? కుండ లేని చోట వెదురు బొంగులో వండుకోవడం మన పెద్దల ఉపాయం. అదే ఈనాడు బొంగు చికెన్ పేరుతో రోడ్డు పక్కన పర్యాటకులకు అమ్ముడవుతోంది. మనవాళ్ళకు నాలుగు డబ్బులు వస్తే సంతోషమే. మరోవైపు హాస్టల్‌కు పోయే పిల్లలు ఆనప బుర్రను చూసి సిగ్గుపడుతున్నారు. మేమూ ఆ వయసులో సిగ్గుపడ్డవాళ్ళమే. ఊళ్ళో బుర్ర చేయడం తెలిసిన అవ్వ పోతే ఆ పని కూడా ఆమెతో పోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఆకు, నార, గింజ, వెదురు సేకరించి అమ్ముకునే హక్కును మనదిగా ఒప్పుకుంది. సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని కూడా అదే చట్టం చెబుతుంది. కానీ ఏ ఆకు, ఏ నార, ఎవరు ఎక్కడ తెచ్చేవారో చెప్పలేని సమాజం ఆ హక్కును ఎలా అడుగుతుంది? పెద్దల మాట కూడా ఆ చట్టం కింద సాక్ష్యమే. చెప్పే పెద్దలు ఉండగానే వినాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. ఏడాదికి ఒక్క రోజు ఊరి పెద్దను, ఒక అవ్వను వెంటబెట్టుకుని పిల్లలను అడవి అంచుకు తీసుకుపోండి. టార్చిలైటు, అగ్గిపెట్టె, మందుల డబ్బా కూడా పెట్టుకోండి. కొత్తది వద్దని మేము అనడం లేదు. మన మూటలోని ప్రతి వస్తువు పేరు మన భాషలో ఏమిటి, దేనితో చేస్తారు, ఏ కాలంలో, ఎవరు చేస్తారు, ఇంకా చేస్తున్నారా అని పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. కోయ, కువి, గోండి, సవర ఏదైనా సరే, పిల్లవాడి ఇంటి మాటే ముందు రాయాలి. ఇంటికి వచ్చాక ఒక ఆనప గింజ నాటించండి. కాయ ముదిరేలోపు ఆ అవ్వ దగ్గర పని నేర్చుకోవచ్చు.