ఉద్దానం జబ్బుకు రంగు పట్టినప్పుడు

సూదితో తీసిన కిడ్నీ ముక్క అగ్గిపుల్లకన్నా సన్నగా ఉంటుంది. దాన్ని మైనంలో బిగించి, రెండు మూడు మైక్రాన్ల మందాన పొరలు కోసి గాజుపలక మీద పరుస్తారు. అప్పటికీ అది దాదాపు పారదర్శకమే. ఎంత మంచి మైక్రోస్కోపు కింద పెట్టినా కణానికీ కణానికీ తేడా సరిగా తెలియదు. రంగు వేశాకే కంటికి ఆనుతుంది. ఉద్దానం తీరప్రాంతంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు రైతుల కిడ్నీల్లో ఏ భాగం దెబ్బతింటోందో వైద్యులకు చూపించింది ఆ రంగులే.

ఈ విద్య అద్దకం పనివాళ్ల నుంచి వచ్చింది. ప్రపంచంలో ఏ పాథాలజీ ల్యాబులోనైనా మొదట వాడే హెమటాక్సిలిన్, మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీసిన రంగు. యూరప్‌లో శతాబ్దాల పాటు దాంతో బట్టలకు రంగు అద్దారు. ఆ సారం ఒక్కటే కణానికి పట్టదు, పటిక తోడు కావాలి. మన కోస్తా కలంకారీలో చిరివేరు ఎరుపు గుడ్డను అంటిపెట్టుకునేదీ పటిక వల్లనే. పెడన అద్దకందారుకు తరతరాలుగా తెలిసిన కిటుకు మీదే ఇవాళ్టి బయాప్సీ రిపోర్టు ఆధారపడి ఉంది! 1870ల్లో జర్మనీలో కృత్రిమంగా తయారైన ఇయోసిన్ దీనికి జోడైంది. కణకేంద్రం నీలి ఊదాగా, మిగిలిందంతా గులాబీగా తేలింది.

సూక్ష్మజీవుల వంతు ఆ వెంటనే వచ్చింది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ రంగు వేసిన క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. ఎర్లిక్, జీల్, నీల్సన్ ఆ పద్ధతికి పదును పెట్టారు. ఫుక్సిన్ ఎరుపు పట్టిన క్షయ క్రిమి ఆమ్లంతో కడిగినా రంగు వదలదు, చుట్టూ ఉన్నది మాత్రం నీలంగా మారుతుంది. తెమడ పరీక్షకూ, కుష్ఠు అనుమానంతో చెవి తమ్మె దగ్గర గీసి తీసే స్మియర్‌కూ ఇదే ఆధారం. మలేరియాకు మన దేశమే ఒక రంగును తయారు చేసుకుంది. 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ రూపొందించిన జె.ఎస్.బి. రంగు చవక, త్వరగా పడుతుంది. జ్వరమొచ్చినవాళ్ల వేలి నెత్తురు తీసిన లక్షలాది పలకలను దేశమంతటా ఆ రంగుతోనే చూశారు.

ఆ జబ్బులన్నిట్లో రంగు దోషిని పట్టిచ్చింది. ఉద్దానంలో అలా జరగలేదు.

విశాఖ కేజీహెచ్‌లో డాక్టర్ టి. రవిరాజు వంటి నెఫ్రాలజిస్టుల దగ్గరికి ఈ తీరం నుంచి రోగులు ఏళ్ల తరబడి వచ్చారు. చాలామందికి షుగరు లేదు, మొదట్లో బీపీ కూడా లేదు. మరి జబ్బేమిటో తేల్చడానికి తీసిన కిడ్నీ ముక్కకు ఒక్క రంగు చాలదు. 1929 నాటి మాసన్ ట్రైక్రోమ్ మచ్చకట్టిన కణజాలాన్ని నీలంగానో ఆకుపచ్చగానో చూపిస్తుంది. 1940ల్లో వచ్చిన పాస్ (పి.ఎ.ఎస్.) రంగు కిడ్నీలోని సన్నటి నాళికల చుట్టూ ఉన్న పల్చటి పొరను ముదురు గులాబీగా తేలుస్తుంది. వెండి లవణంతో వేసే రంగు అదే పొరను నల్లటి గీతగా గీస్తుంది. వీటన్నిటితో చూస్తే, నెత్తురును వడకట్టే గ్లోమెరులస్‌లకు తొలిదశలో అంతగా దెబ్బ తగలదని తేలింది. కుంచించుకుపోయినవి నాళికలు, వాటి మధ్య పేరుకున్నది మచ్చ.

దాంతో, ఈ జబ్బు ఎందుకంత ఆలస్యంగా బయటపడుతుందన్న చిక్కు విడిపోయింది. షుగరు రోగిలో వడపోత దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది, కాళ్లు వాస్తాయి. నాళికల జబ్బులో ఆ హెచ్చరికలు బలంగా కనిపించవు. కొబ్బరితోటలోనో జీడితోటలోనో పనిచేసుకునే మనిషి తనకేమీ లేదనుకుంటాడు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించేసరికి సగం కిడ్నీ పోయి ఉంటుంది. 2019, 2020లో వెలువడిన సర్వేలు ఇక్కడి పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేల్చాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు కూలీల్లో కూడా ముఖ్యంగా నాళికలకే ఈ దెబ్బ.

నీళ్లు, సిలికా, పురుగుమందులు, ఎండ, నొప్పి మాత్రలు, వంశం అన్నిటినీ అనుమానించారు. ఏదీ రుజువు కాలేదు. గాయం ఎక్కడో రంగు చెప్పింది, కొట్టిందెవరో చెప్పలేదు. మచ్చ అన్ని జబ్బుల్లోనూ మచ్చే. పైగా జబ్బు ముదిరి కిడ్నీ చిన్నబడ్డాక సూది వేస్తే రక్తస్రావం ప్రమాదం, దొరికేదీ మచ్చ ఒక్కటే. తొలిదశ ముక్కలే విలువైనవి. అవే తక్కువ.

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. టెక్కలి, సోంపేటల్లో డయాలసిస్ జరుగుతోంది. డయాలసిస్ ప్రాణం నిలుపుతుంది కానీ కారణం వెతకదు. క్రియాటినిన్ అప్పుడే పెరుగుతున్నవాళ్లకు తెలుగులో, ఒడియాలో విడమరిచి చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే బయాప్సీ చేయాలి. మైనంలో బిగించిన ముక్క దశాబ్దాలు నిలుస్తుంది, రేపు పుట్టే కొత్త రంగునూ స్వీకరిస్తుంది. ఆ దిమ్మెలను రోగి వృత్తి, తాగిన నీటి వివరాలతో సహా పలాసలోనే భద్రపరిచే పని ప్రభుత్వం ఆలస్యం చేయకుండా చేపట్టాలి.