పిల్లల్లో ఆటిజం, తిండి రుగ్మతల సంబంధం: చరిత్ర

ఆటిజం ఉన్న పిల్లలకు తిండి దగ్గర వచ్చే చిక్కులు ఆటిజాన్ని తొలిసారి వర్ణించిన వ్యాసంలోనే నమోదయ్యాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాశాడు. వారిలో ఆరుగురు పసితనం నుంచే తిండికి తీవ్రంగా ఇబ్బంది పడ్డవారు. ఒకరికి గొట్టంతో ఆహారం పట్టాల్సి వచ్చింది. బయటి ప్రపంచం బిడ్డ మీదికి మొట్టమొదట వచ్చిపడేది తిండి రూపంలోనేననీ, అందుకే వీళ్లు దాన్ని తోసేస్తున్నారనీ కానర్ భావించాడు. మరుసటి ఏడాది వియన్నాలో హన్స్ ఆస్పెర్గర్ తాను చూసిన పిల్లలకు బాగా పులుపు, ఘాటు రుచులంటే ఇష్టమని గమనించాడు. కొన్ని వస్తువుల స్పర్శ వాళ్లకు అసలు గిట్టదని కూడా రాశాడు. ఈ ఇద్దరిలో ఇప్పటి అవగాహనకు దగ్గరగా వచ్చింది ఆస్పెర్గరే.

ఆ దారిన పరిశోధన వెంటనే ముందుకు సాగలేదు. ఆటిజానికి తల్లి ఆప్యాయత కొరవడటమే కారణమన్న వాదం రెండు మూడు దశాబ్దాలు చలామణీ అయింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన పుస్తకం దానికి మరింత ప్రచారమిచ్చింది. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఇది మెదడుకు సంబంధించిన స్థితి అని గట్టిగా వాదించాడు. అయినా తల్లుల మీద నింద అంత త్వరగా పోలేదు.

ఆటిజం ఉన్న పిల్లలు ఎందుకు తినరన్నదానికి ఇప్పుడు ప్రధానంగా చెప్పే కారణం ఇంద్రియాల తీరు. మెత్తటి పప్పన్నంలో తాలింపు ఆవగింజ ఒక్కటి పంటికింద పడితే చాలు, అలాంటి బిడ్డ ముద్ద ఉమ్మేసి కంచం నెట్టేయవచ్చు. రోజూ తినే బిస్కెట్లే అయినా ప్యాకెట్ రంగు మారితే ముట్టకపోవచ్చు. మార్పు పడకపోవడం, ఆకలిని సరిగా గుర్తించలేకపోవడం, మలబద్ధకం వంటివి దీనికి తోడవుతాయి. పెద్దలు దీన్ని మారాం అనుకుంటారు. బాగా ముదిరిన సందర్భాల్లో సి విటమిన్ అందక స్కర్వీ వచ్చి, చిగుళ్ల నుంచి రక్తం కారి, కుంటుతూ ఆస్పత్రికి వచ్చిన పిల్లల గురించి వైద్య పత్రికల్లో నివేదికలు ఉన్నాయి. బరువు మామూలుగానే ఉండటం వల్ల ఇలాంటి లోపాలు చాలాసార్లు ఆలస్యంగా బయటపడతాయి.

2013 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆ ఏడాది తెచ్చిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5, ఇంద్రియ స్పందనల్లోని తేడాలను ఆటిజం లక్షణాల్లో చేర్చింది. లావవుతామన్న భయమేమీ లేకుండానే తిండిని బాగా తగ్గించేసుకునే స్థితికి ఆర్ఫిడ్ అని పేరు పెట్టింది. ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యలు ఇతర పిల్లలకంటే అయిదు రెట్లు ఎక్కువని, వాళ్లకు కాల్షియం, ప్రొటీన్ తక్కువగా అందుతున్నాయని అదే ఏడాది వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది.

లావవుతామన్న భయంతో తిండి మానేసే రుగ్మత అనొరెక్సియా. దానితో ఆటిజానికి ఉన్న సంబంధం వేరే కథ. రెంటికీ చుట్టరికం ఉందా అని స్వీడన్ వైద్యుడు క్రిస్టఫర్ గిల్‌బర్గ్ 1983లో ప్రశ్నించాడు. ఆ తర్వాత గోథెన్‌బర్గ్‌లో మరియా రాస్టామ్‌తో కలిసి, టీనేజీలో అనొరెక్సియా వచ్చిన 51 మందిని, అది లేని మరో 51 మందిని ఏళ్ల తరబడి పరిశీలించాడు. మొదటి బృందంలో ఆటిజం లక్షణాలు స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. ఆడపిల్లల్లో ఆటిజాన్ని చాలాకాలం సరిగా గుర్తించకపోవడం వల్ల, కొందరికి అనొరెక్సియా చికిత్సకు వచ్చాకే ఆ సంగతి తెలిసేది.

ఈ సంబంధం మీద గట్టి ఆక్షేపణే ఉంది. పస్తులుంటే ఎవరైనా ముడుచుకుపోతారు, మొండిగా మారతారు. అది ఆటిజంలాగే కనిపిస్తుంది. బ్రిటన్‌లో 5,000 మందికి పైగా పిల్లలను చూసిన ఒక అధ్యయనం 2020లో దీనికి కొంత జవాబిచ్చింది. 14 ఏళ్లకు తిండి అలవాట్లు గాడితప్పిన పిల్లల్లో, ఏడేళ్ల వయసుకే ఆటిజం తరహా లక్షణాలు ఎక్కువగా ఉన్నాయి.

చికిత్సలోనూ మార్పు వచ్చింది. లండన్‌లోని మాడ్స్లీ ఆస్పత్రిలో కేట్ చాంతూరియా బృందం ఆటిజం, అనొరెక్సియా రెండూ ఉన్నవారి కోసం పీస్ అనే ప్రత్యేక విధానం రూపొందించింది. అక్కడ వార్డులో వెలుతురు, చప్పుడు తగ్గించారు. ఘాటైన రుచులు, వాసనలు లేని మెనూ విడిగా తయారుచేశారు.