హెచ్‌ఐవీ సర్వేలో మీ అలవాట్లు ఎందుకు అడుగుతారు? ఆ జవాబులతో ఏం చేస్తారు?

‘చివరిసారి కండోమ్ వాడారా?’, ‘ఒకరు వాడిన సూదిని మీరు వాడారా?’ ఇలాంటి ప్రశ్నలు ఎవరైనా అడిగితే ఇబ్బందిగానే ఉంటుంది. కానీ హెచ్‌ఐవీ నివారణకు ఎక్కడ, ఎలా ఖర్చు పెట్టాలో ప్రభుత్వానికి చెప్పేది ఈ జవాబులే.

దేశంలో 25 లక్షలకు పైగా మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వయోజనుల్లో ఇది సుమారు 0.2 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం జాతీయ సగటుకు రెట్టింపు పైనే ఉంది.

రక్తపరీక్ష సరిపోదా?

సరిపోదు. రక్తపరీక్ష జరిగిపోయిన దాన్ని చెబుతుంది. వైరస్ సోకి ఏళ్లు గడిచినా లక్షణాలు కనిపించకపోవచ్చు. పైగా మందుల వల్ల బాధితుల ఆయుష్షు పెరిగింది. అందువల్ల కొత్త కేసులు తగ్గుతున్నా మొత్తం సంఖ్య తగ్గకపోవచ్చు. రేపు వైరస్ ఎటు వ్యాపిస్తుందో తెలియాలంటే అలవాట్లు ఎలా మారుతున్నాయో చూడాలి. అందుకే ఈ రెండింటినీ కలిపి గమనించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూఎన్ఎయిడ్స్ 2000లో సూచించాయి.

మన దేశంలో ఎలా చేస్తున్నారు?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఈ పని చూస్తుంది.

• 1998 నుంచి సెంటినల్ సర్వైలెన్స్: ఎంపిక చేసిన కేంద్రాల్లో గర్భిణులు, ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాల రక్త నమూనాలను పేరు లేకుండా పరీక్షిస్తారు.
• 2001, 2006: అలవాట్లపై జాతీయ సర్వేలు.
• 2014-15: సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, మత్తుమందు ఇంజెక్షన్లు తీసుకునేవారు, వలస కార్మికులు తదితరులను ప్రశ్నలు అడగడంతో పాటు రక్తపరీక్ష కూడా చేశారు.

లెక్క తప్పితే ఏమవుతుందో 2007లో తెలిసింది. అప్పటిదాకా దేశంలో బాధితులు 50 లక్షలకు పైనే అనుకున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇళ్లకు వెళ్లి చేసిన రక్తపరీక్షలు, పెరిగిన సెంటినల్ కేంద్రాల సమాచారం కలిపి చూశాక ఆ అంచనా సుమారు 25 లక్షలకు దిగింది.

దీనివల్ల ఏం మారుతుంది?

అన్ని చోట్లా ఒకే మందు పనిచేయదు. మిజోరంలో మత్తు సూదుల సమస్య పెద్దది కాబట్టి అక్కడ కొత్త సూదులు ఇవ్వడం, సూదికి బదులు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇవ్వడం ముఖ్యం. తెలుగు రాష్ట్రాల్లో వ్యాప్తి ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారానే. అందుకే ఇక్కడ సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, వలస కార్మికుల మధ్య కండోమ్‌ల పంపిణీ, పరీక్షలపై దృష్టి పెట్టారు.

జనం నిజం చెబుతారా?

ఎదురుగా కూర్చుని అడిగితే చాలామంది మంచిగా కనిపించే జవాబే చెబుతారు. దీనికి కర్ణాటకలో ‘పోలింగ్ బూత్’ పద్ధతి వాడారు. అట్ట తెర చాటున కూర్చుని, ప్రశ్న నంబరున్న కార్డును ‘అవును’ లేదా ‘కాదు’ డబ్బాలో వేయాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. ముఖాముఖిగా ఒప్పుకోని విషయాలు అలా ఎక్కువగా బయటపడ్డాయి.

మీ వివరాలు బయటపడతాయా?

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మామూలుగా మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. నిఘా సర్వేల్లో పేరు లేకుండా చేసే పరీక్షకు మినహాయింపు ఉంది. అయితే అది ఎందుకు చేస్తున్నారో ముందే చెప్పాలి.

మీరు చేయాల్సింది

సర్వే సిబ్బంది వస్తే అది ఎవరి తరఫునో, పేరు రాసుకుంటారో లేదో అడగండి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు. చెబితే మాత్రం నిజమే చెప్పండి. తప్పు జవాబుల మీద వేసిన ప్రణాళికతో నష్టపోయేది అవసరంలో ఉన్నవారే.

పేరు లేకుండా చేసే సర్వే పరీక్షలో మీ ఫలితం మీకు తెలియదని గుర్తుంచుకోండి. అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ కేంద్రానికి వెళ్లండి. పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. సందేహాలకు టోల్ ఫ్రీ నంబరు 1097.