కారు స్టీరింగ్ రాక్: విప్పడం, కొత్తది బిగించడం

డ్రైవరు స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను ఎడమకో కుడికో మళ్లించే భాగం స్టీరింగ్ రాక్. లోహపు గొట్టం లోపల, ఒక వైపు పళ్లు చెక్కిన ఉక్కు కడ్డీ అటూ ఇటూ జరుగుతుంది. ఈ కడ్డీయే రాక్. దాని పళ్లలో ఇమిడి తిరిగే చిన్న పళ్లచక్రం పినియన్. స్టీరింగ్ కాలమ్ కింద ఉండే జాయింట్ల షాఫ్టు పినియన్‌ను తిప్పుతుంది. రాక్ రెండు కొసలకూ బాల్ జాయింట్లు ఉంటాయి. మెకానిక్‌లు వీటిని రాక్ ఎండ్‌లు అంటారు. వాటి నుంచి వెళ్లే టై రాడ్లు, బయటి కొసలోని టై రాడ్ ఎండ్‌ల ద్వారా, చక్రాన్ని మోసే నకిల్‌కు తగులుకొని ఉంటాయి. రాక్ కొసను, లోపలి బాల్ జాయింటును కప్పుతూ హార్మోనియం తిత్తిలా మడతలు పడిన రబ్బరు బూటు ఉంటుంది.

ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ తన ట్రాక్సియోన్ అవాన్ కార్లకు ఈ ఏర్పాటును 1936లో ఇచ్చింది. బ్రిటన్‌లో 1948లో వచ్చిన మోరిస్ మైనర్ కూడా దీన్నే వాడింది. 1983 డిసెంబరులో మన రోడ్లమీదికి వచ్చిన మారుతీ 800లో ఉన్నదీ ఇదే. భాగాలు తక్కువ, బరువు తక్కువ, అడ్డంగా అమర్చిన ఇంజను వెనక ఇరుకు చోటులోనూ సరిపోతుంది. అందుకే చిన్న కార్లు దాదాపు అన్నీ దీనివైపే మొగ్గాయి. మొదట్లో చేతిబలమే ఆధారం. తరవాత నూనె పీడనంతో సాయపడే హైడ్రాలిక్ రాక్‌లు, ఆపైన విద్యుత్ మోటారు సాయం వచ్చాయి. విద్యుత్ పవర్ స్టీరింగ్ చిన్న కార్లలోకి రావడానికి జపాన్‌లో 1988 నాటి సుజుకీ సెర్వో దారి తీసింది.

కారు ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి పినియన్ పళ్లు ఏళ్ల తరబడి రాక్ మధ్యభాగాన్నే రాస్తుంటాయి. కొసల్లోని పళ్లు దాదాపు కొత్తవాటిలా మిగిలిపోతాయి. రాక్ వెనక స్ప్రింగుతో కూడిన యోక్ అనే దిమ్మె ఉండి, కడ్డీని పినియన్‌కేసి నొక్కి ఉంచుతుంది. ఆ ఒత్తిడిని సర్దడానికి ఒక మర ఉంటుంది. స్టీరింగులో ప్లే, అంటే వదులు, రాగానే ఈ మర బిగించి పంపేయడం చాలాచోట్ల అలవాటు. దానితో మధ్యలో వదులు పోతుంది. కానీ అరగని పళ్లున్న కొసల దగ్గర రాక్ బిగుసుకుపోతుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు. ఇది మరమ్మతు కాదు, ప్రమాదాన్ని వాయిదా వేయడం కూడా కాదు. కొత్త ప్రమాదాన్ని తెచ్చిపెట్టడం.

రాక్ పాడవడానికి పళ్ల అరుగుదల ఒక్కటే కారణం కాదు. పినియన్‌కు దూరంగా ఉన్న కొసలో కడ్డీని మోసే బుష్ అరిగితే గతుకుల మీద టకటక శబ్దం వస్తుంది. బూటు చిరిగితే దుమ్ము, వాననీరు లోపలికి చేరి కడ్డీ తుప్పు పడుతుంది. హైడ్రాలిక్ రాక్‌లో సీళ్లు పోతే నూనె బూటులోకి ఊరి, అక్కణ్నుంచి నేలమీదికి కారుతుంది.

శబ్దం వచ్చిందని వెంటనే రాక్ మార్చకూడదు. టై రాడ్ ఎండ్‌లు, స్టెబిలైజర్ లింకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, కాలమ్ కింది జాయింటు, చివరికి రాక్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు కూడా అదే శబ్దం చేస్తాయి. చక్రాలు నేలమీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే మరొకరు ఒక్కో జాయింటు మీద వేళ్లు ఆనించి చూస్తే వదులు ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. బుష్‌లు, సీళ్లు మాత్రమే పోయి ఉంటే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల రాక్‌ను విప్పి బాగుచేసే పనివారు ఉన్నారు. కడ్డీ నున్నగా ఉంటే ఆ మరమ్మతు నిలుస్తుంది. తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం కొత్త సీలునూ అవి త్వరలోనే కోసేస్తాయి. పళ్లు అరిగినా, కడ్డీ వంగినా, గొట్టం చిట్లినా మార్చక తప్పదు.

బలం కావలసిన బోల్టులు ఎన్ని ఉన్నా, ఈ పని మొత్తం నడిమి స్థానం కాపాడుకోవడం మీదే నడుస్తుంది. స్టీరింగ్ చక్రం నడుమ, రాక్ నడుమ, రోడ్డు చక్రాలు నేరుగా ఉండే స్థితి, ఈ మూడూ ఒక్కచోట కలవాలి. అందుకే మొట్టమొదట చక్రాలను నేరుగా నిలిపి, తాళంచెవి తీసి, స్టీరింగ్ కదలకుండా చూడాలి. నేరు స్థితిలో స్టీరింగ్ లాకు పడకపోతే సీటు బెల్టుతోనో పట్టీతోనో కట్టేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఇది మరీ ముఖ్యం. స్టీరింగ్ చక్రం కింద క్లాక్ స్ప్రింగ్ అనే చుట్టల పట్టీ తీగ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌కూ హారన్‌కూ కరెంటు దాని మీదుగానే వెళుతుంది. కింద రాక్ ఊడినప్పుడు పైన చక్రాన్ని హద్దు లేకుండా తిప్పేస్తే ఆ తీగ తెగుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే పనిలోకి దిగాలి.

చక్రాల నట్లను కారు నేలమీద ఉండగానే వదులు చేసి, ముందు భాగాన్ని జాకీతో లేపి, చాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి వెళ్లకూడదు. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ అంతకన్నా నమ్మరానివి. అవి బరువు కింద ముందస్తు సూచన లేకుండా పగులుతాయి.

చక్రాలు తీశాక టై రాడ్ ఎండ్‌ల పని. లాక్ నట్టును కొద్దిగా వదులు చేసే ముందే, మర ఎంతవరకు ఎక్కి ఉందో రంగుతో గుర్తు పెట్టాలి, లేదా బయటికి కనిపించే మరచుట్లు లెక్కించి రాసుకోవాలి. తరవాత స్ప్లిట్ పిన్ తీసి, నట్టు విప్పి, పుల్లర్‌తో బాల్ జాయింటును నకిల్ నుంచి వేరుచేయాలి. పుల్లర్ లేనప్పుడు నకిల్ కంటి పక్క భాగం మీద సుత్తితో గట్టిగా కొడితే ఏటవాలు పట్టు వదులుతుంది. మరల కొసమీద కొడితే మాత్రం ఆ జాయింటు మళ్లీ పనికిరాదు. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచితే పని సగం తేలిక.

కాలమ్ షాఫ్టును పినియన్‌కు కలిపే జాయింటు కొన్ని కార్లలో పెడళ్ల దగ్గర, కొన్నింటిలో ఇంజను వైపు అందుతుంది. దాన్ని బిగించే బోల్టు పూర్తిగా తీయాలి, ఎందుకంటే అది పినియన్ గాడిలో కూర్చొని ఉంటుంది. వదులు చేసినంత మాత్రాన జాయింటు జారదు. జాయింటుకూ పినియన్‌కూ కలిపి ఒకే గీత గీసి, తరవాత పైకి లాగాలి.

హైడ్రాలిక్ రాక్ అయితే కింద పళ్లెం పెట్టి, పీడన గొట్టం, తిరుగు గొట్టం రెండూ విప్పాలి. ఈ నట్లు మెత్తనివి. మామూలు పానాతో మూలలు అరిగిపోతాయి, గొట్టాల నట్ల కోసం చేసిన ప్రత్యేక పానాయే వాడాలి. ఊడిన కొసలను వెంటనే మూసేయాలి, ఇసుక రేణువు పోయినా పంపు దెబ్బతింటుంది. ఇక రాక్‌ను క్రాస్ మెంబరుకు, అంటే కారు కింది అడ్డదూలానికి, పట్టించిన బోల్టులు తీసి, చక్రం ఉండే ఖాళీలోంచి పక్కకు లాగితే అది బయటికి వస్తుంది. ఇలా సులువుగా వచ్చే కార్లు తక్కువే. చాలా వాటిలో స్టెబిలైజర్ బారు, సైలెన్సర్ గొట్టం అడ్డొస్తాయి. కొన్నింటిలో ఇంజనుకు పైనుంచి ఆధారం ఇచ్చి క్రాస్ మెంబరునే కొంత కిందికి దించాలి. అలా దించే ముందు దాని స్థానమూ గుర్తించి తీరాలి, లేకపోతే చక్రాల అలైన్‌మెంట్ మొత్తం మారిపోతుంది.

కొత్త రాక్‌ను పాతదాని పక్కన పడుకోబెట్టి పొడవు, పినియన్ గాళ్లు, బోల్టు రంధ్రాలు సరిపోల్చాలి. మన కార్లకు స్టీరింగ్ కుడివైపు. అదే మోడలుకు ఎడమ స్టీరింగ్ దేశాల కోసం చేసిన రాక్ ఇందులో కూర్చోదు. తరవాత పినియన్‌ను ఒక కొస నుంచి మరో కొసకు తిప్పి చుట్లు లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి తిప్పితే రాక్ నడుమకు వస్తుంది. పాత రాక్ మీద గుర్తించిన లెక్కకే టై రాడ్ ఎండ్‌లను ఎక్కించాలి.

బిగింపు విప్పిన వరసకు తలకిందులు. రాక్ బోల్టులన్నిటినీ ముందు చేత్తో ఎక్కించి, ఆ తరవాతే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించాలి. స్ప్లిట్ పిన్‌లు, ఒకసారికే పనికొచ్చే లాక్ నట్లు, గొట్టాల వాషర్లు కొత్తవే వేయాలి. టై రాడ్ నట్టును కొలతకు బిగించాక పిన్ రంధ్రం ఎదురు రాకపోతే ఇంకాస్త బిగించాలి తప్ప వదులు చేయకూడదు. కాలమ్ జాయింటును పినియన్ మీదికి దించేటప్పుడు ఒక్క పన్ను పక్కకు పడినా స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. ఆ వంకరను టై రాడ్లు తిప్పి సరిచేస్తే పైకి బాగానే కనిపిస్తుంది గానీ, రాక్ నడుమ తప్పిపోయి కారు ఒకవైపు తక్కువగా, రెండోవైపు ఎక్కువగా మళ్లుతుంది. జాయింటును మళ్లీ తీసి సరిగా కూర్చోబెట్టడమే దీనికి మందు.

హైడ్రాలిక్ వ్యవస్థలో పాత నూనెను పూర్తిగా కడిగి తీయకుండా కొత్త రాక్‌ను కలిపితే, అందులోని లోహపు పొడి కొత్త సీళ్లను తినేస్తుంది. తయారీదారు చెప్పిన నూనె మాత్రమే పోయాలి. బ్రేక్ నూనె పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ముందు చక్రాలు గాలిలో ఉండగా, ఇంజను ఆపి, స్టీరింగ్‌ను ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా చాలాసార్లు తిప్పుతూ ట్యాంకులో మట్టం నింపుతుండాలి. బుడగలు రావడం ఆగాకే ఇంజను స్టార్ట్ చేయాలి. నూనెలో నురుగు కనిపిస్తే గాలి ఇంకా ఉన్నట్టే. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి కొన్ని సెకన్లకు మించి అలాగే పట్టి ఉంచితే పంపు వేడెక్కుతుంది.

విద్యుత్ సాయం ఉన్న కార్లలో మోటారు ఎక్కడుందన్నది చూడాలి. మన చిన్న కార్లలో చాలావాటికి అది డ్యాష్‌బోర్డు కింద కాలమ్‌కే ఉంటుంది. అప్పుడు కింది రాక్ మామూలు యాంత్రిక భాగమే. మోటారు రాక్‌కే అమరి ఉంటే తీగల కనెక్టర్లు విప్పాలి, కొత్త భాగాన్ని స్కానర్‌తో కంప్యూటరుకు పరిచయం చేయాలి. స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్ ఉన్న కారుకు రాక్ మార్చాక నడుమను మళ్లీ నేర్పకపోతే హెచ్చరిక దీపం వెలుగుతుంది.

మరచుట్ల లెక్క ఎంత జాగ్రత్తగా పాటించినా అది కారును అలైన్‌మెంట్ కేంద్రం దాకా నడపడానికే చాలు. అక్కడ స్టీరింగ్‌ను నడుమ బిగించి, రెండు టై రాడ్లనూ సర్ది టో కొలతను, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడాను, సరిచేయాలి. టై రాడ్ తిప్పేటప్పుడు బూటు కూడా మెలితిరుగుతుంది. దాని క్లిప్పు ముందు వదులు చేసి, సర్దాక మడతలు నేరుగా పెట్టి బిగించాలి. చివరగా ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో నడిపి, మలుపు తరవాత స్టీరింగ్ తిరిగి వస్తోందా, కారు ఒకవైపు లాగుతోందా, గతుకుల మీద శబ్దం వస్తోందా అని చూడాలి. వర్క్‌షాపుకు తిరిగి వచ్చాక కారును మళ్లీ లేపి, గొట్టాల చివరల్లో తడి ఉందేమో పరీక్షించి, స్ప్లిట్ పిన్‌లు, లాక్ నట్లు, కాలమ్ జాయింటు బోల్టు ఒక్కొక్కటిగా సరిచూడాలి.