గరిడీ ఇంటి నుంచి జిమ్ముదాకా: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం కొంత పాత చరిత్ర

ఈసారి రాత కొంచెం పొడుగైంది, తీరిక చేసుకుని చదవండి.

సంఘం గదిలో జిమ్ము పెట్టాలని మన కుర్రవాళ్ళు అడుగుతున్నారు. పెద్దవాళ్ళలో కొందరు ఇది పట్నం సోకు, మన ఊళ్ళకు అలవాటు లేని పని అంటున్నారు. ఇంకొందరికి ఆశ ఉంది గానీ, ఈ వయసులో మొదలుపెడితే నడుము పట్టుకుంటుందేమోనని భయం. మేమూ అరవై దాటినవాళ్ళమే, రైల్వే ఆఫీసులో కుర్చీకి అతుక్కుని ఉద్యోగం చేసినవాళ్ళమే. కాబట్టి ఈ రెండు మాటలూ మాకు బాగా తెలుసు.

శెనక్కాయ వేసినన్నాళ్ళూ తిరుమణిలో కసరత్తు గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆ అవసరమే రాలేదు. దుక్కి, కలుపు, చెట్టు పీకడం, కాయ కొట్టడం, మూటలు మోయడం, ఏడాదంతా ఒంటికి పని ఉండేది. 2018లో సోలార్ పార్కు మొదలైంది. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు ఊళ్ళ భూమి సుమారు 13,000 ఎకరాలు పలకల కిందికి వెళ్ళింది. 2,050 మెగావాట్ల కరెంటు పుడుతోంది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. భూమి ఉన్నవాళ్ళకు కౌలు వస్తోంది, కూలికి పోయినవాళ్ళకు అదీ లేదు. ఒళ్ళు వంచే పని మాత్రం ఇద్దరికీ తగ్గింది. కౌలు గురించి ఎన్ని కూటాల్లోనో మాట్లాడుకున్నాం, దీని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. జిమ్ము మాట ఊరికే రాలేదని మేము అనుకోవడం అందుకే.

ఇక అలవాటు లేని పని అన్నమాటకు వద్దాం. మైసూరు దసరాలో విజయదశమినాడు అరమనె ముందు వజ్రముష్టి కుస్తీ పట్టే జెట్టీల గురించి మీరు వినే ఉంటారు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకం ఈ జెట్టీలను తెలుగు కులంగానే చెబుతుంది. తంజావూరులో చుట్టూ తమిళం ఉన్నా వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళని కూడా రాసింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళంగా పెరిగిన మాకు ఆ వాక్యం చదివి ముచ్చటేసింది. వాళ్ళ పని కుస్తీతో అయిపోలేదు. నరాల నొప్పులకు నూనె పట్టించి మర్దన చేసేవాళ్ళు. ఒంటిని పెంచడం, బాగుచేయడం రెండూ ఒకే చేతుల్లో ఉండేవన్నమాట.

మాటలు చూసినా తెలుస్తుంది. మా తమిళ బడిలో డ్రిల్ మాస్టారు దండాల్, బస్కి అనేవారు. తెలుగులో దండీలు, బస్కీలు. ఇక్కడ కన్నడంలో దండ, బస్కి. తెలుగులో తాలింఖానా, గరిడీ అంటే కన్నడంలో గరడి మనె. మూడు భాషల్లోనూ పేర్లున్న పని మన ఊళ్ళకు కొత్తది ఎట్లా అవుతుంది?

కోడి రామమూర్తి నాయుడు పేరు మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగినాయన. ఛాతీకి కట్టిన ఇనుప గొలుసు ఊపిరి బిగించి తెంచడం, కార్లను ఆపడం, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడం, ఇవన్నీ కథలు కథలుగా చెబుతారు. మాకు ముఖ్యంగా తోచింది వేరే. ఆయన మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ తీసుకుని, తిరిగి విజయనగరం హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరాడు. సర్కసు ఆ తరవాత. అంత బలశాలి కూడా ఒక ఏడాది బడిలో కూర్చుని నేర్చుకున్నాడు, ఆపైన పిల్లలకు నేర్పాడు. పూర్తి శాకాహారి కూడా. మాంసం తినకపోతే కండ రాదని వాదించే మా మనవళ్ళకు ఈ మాట చెప్పీ చెప్పీ అలసిపోయాం.

మనకు ఇంకా దగ్గరివాడు బెంగుళూరు కె.వి. అయ్యర్. 1920లలో అక్కడ హెర్క్యులిస్ జిమ్నాసియం నడిపాడు. ఇంగ్లీషువాళ్ళ డంబెళ్ళను, మన దండీలను, సూర్యనమస్కారాలను కలిపి నేర్పినాయన. కన్నడంలో ‘శాంతల’ అనే నవల కూడా రాశాడు. దూరంగా ఉండేవాళ్ళకు పోస్టులో పాఠాలు పంపేవాడు. కొత్తవాడు ఇంట్లోనే, ఒంటి బరువుతోనే మొదలుపెట్టగలడని ఆయనకు నమ్మకం లేకపోతే ఆ పాఠాలు పంపేవాడు కాదు.

ఆడవాళ్ళకెందుకు అని అడిగినవాళ్ళకు కరణం మల్లీశ్వరి ఒక్కతే చాలు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు, కాబట్టి మా రైల్వేవాళ్ళకు ఆమె ఇంటి పిల్లే. 12వ ఏట కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర మొదలుపెట్టింది. మరీ సన్నగా ఉంది, బరువులేం ఎత్తుతుందని అన్నవాళ్ళున్నారు. తల్లి మాత్రం ధైర్యం చెప్పింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీ పెట్టిందే ఆ ఏడు. మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఆడమనిషి ఆమె.

ఇందరి కథల్లోనూ నేర్పేవాడు ఒకడున్నాడు, యంత్రం మాత్రం లేదు. అందుకే సంఘానికి మా మనవి: ఉన్న డబ్బుతో ముందు నేర్పే మనిషిని పెట్టండి, తరవాత మిషన్లు కొనండి. పోటీల్లో వాడే ఖాళీ కడ్డీయే మగవాళ్ళది 20 కిలోలు, ఆడవాళ్ళది 15. అది తెలియక పక్కవాడిని చూసి రెండువైపులా బిళ్ళలు తగిలించుకుంటే మొదటి వారంలోనే ఇంట్లో పడుకోవాలి. కొత్తవాళ్ళ చేతికి మొదట చీపురుకట్టంత కర్ర ఇస్తే చాలు.

మన వయసువాళ్ళకు బస్కీ అంటే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. దండీ అంటే గోడకు చేతులు ఆనించి తోయడం. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడక, రెండు రోజులు కండరాలకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అరవై అయిదు దాటినవాళ్ళు ఒంటికాలిమీద నిలబడడంలాంటి తూకం కసరత్తులు కూడా వారానికి మూడు రోజులు చేయాలి. మొదలుపెట్టిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు సలపడం మామూలే, దానికి భయపడి మానకండి. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం మామూలు కాదు, అక్కడే ఆపాలి. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ముందే డాక్టరుగారిని అడగండి. రామమూర్తిగారిలా ఊపిరి బిగించవద్దు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి.

గదికి రెండు తాళంచెవులుంటే ఒకటి ఆడవాళ్ళ దగ్గర ఉండాలని మా అభిప్రాయం. పొద్దున వంట పనులయ్యాక ఒక గంట వాళ్ళకే వదలండి. కూలికి పోయే కుటుంబాల దగ్గర రుసుము తీసుకోవద్దు. కౌలు వచ్చేవాళ్ళం ఆ భారం పంచుకోగలం.

మీ ఇళ్ళ అటకల మీద పాత కర్రగదలు, పట్టుకోవడానికి పిడి చెక్కిన రాళ్ళు ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి. తమిళనాడులో కుర్రవాళ్ళు ఎత్తే గుండును ఇళవట్టక్కల్ అంటారు, శ్రీకాకుళంవైపు సంగిడి రాయి అంటారు. పావగడవైపు మన పెద్దవాళ్ళు దాన్ని ఏమనేవాళ్ళో తెలిసినవాళ్ళు రాయండి.