ఊరి భత్యం, సర్వీసు ఫలం



నేను 1972లో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా చేరి 2010లో రిటైరయ్యాను. అందులో చాలాకాలం ఒక ఆసుపత్రి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో నర్సుల జీతాల బిల్లులు రాశాను. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే, నాకు తెలిసిన సంగతి ఇదొక్కటే గనుక దీన్నే ఎంచుకున్నాను. నర్సు జీతం ఊరిని బట్టి ఎంత మారుతుంది, సర్వీసును బట్టి ఎంత మారుతుంది, చివరికి ఏది మిగులుతుంది అన్నదే ఇక్కడి విషయం.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చేనాటికి మన దేశంలో రిజిస్టరైన నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనానికి ఒక్క నర్సు. మరుసటి ఏడాది, 1947లో, భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. తరువాత వచ్చిన వేతన సంఘాలు ఒక్కొక్కటే వారి జీతాన్ని కొంత పైకి జరుపుతూ వచ్చాయి.

అయిదవ వేతన సంఘం ప్రకారం 1996 జనవరి 1 నుంచి కేంద్రంలో స్టాఫ్ నర్సు స్కేలు 5000-150-8000. అంటే 5,000తో మొదలై, ఏటా 150 చొప్పున పెరిగి, ఇరవై ఇంక్రిమెంట్లకు 8,000 దగ్గర ఆగిపోతుంది. మొదటి ఏడు ఆ 150 మూలవేతనంలో మూడు శాతం. చివరికొచ్చేసరికి రెండు శాతం కూడా కాదు. అనుభవం పెరిగేకొద్దీ దాని విలువ తగ్గేదన్నమాట. 2006 నుంచి ఇంక్రిమెంటును మూడు శాతంగా లెక్కగట్టడంతో ఆ లోటు తీరింది. కొత్తగా చేరే నర్సుకు అప్పుడు గ్రేడ్ పేతో కలిపి 17,140 వచ్చింది. ఏడవ వేతన సంఘంతో 2016 జనవరి 1 నుంచి అది 44,900 అయింది.

ఇక ఊరి సంగతి. 1990ల చివర్లో ఇంటి అద్దె భత్యం మహానగరాల్లో 30 శాతం, ఇతర పెద్ద నగరాల్లో 15, చిన్న పట్టణాల్లో ఏడున్నర, ఏ వర్గంలోనూ చేరని ఊళ్ళలో 5 శాతం ఉండేది. పెద్ద నగరాలకు నగర పరిహార భత్యం అదనం.

ఆ రోజుల్లోనే నా వల్ల ఒక పొరపాటు జరిగింది. 1999లో మా ఆసుపత్రి సిస్టర్ ఒకరికి చిన్న ఊరికి బదిలీ మీద నర్సింగ్ సిస్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, "మీరే లెక్క చూసి చెప్పండి గుమాస్తాగారూ" అన్నారు. కాగితం ముక్క మీద లెక్క కట్టాను. మూలవేతనం 6,950 నుంచి 7,250కి పెరుగుతుంది, అంటే 300 లాభం. ఇంటి అద్దె భత్యం 1,043 నుంచి 363కు పడిపోతుంది, అంటే 680 నష్టం. పెరిగే కరువుభత్యం కలుపుకున్నా నెలకు 250 పైగా పోతుంది. "వెళితే నష్టమేనమ్మా" అన్నాను. ఆమె ప్రమోషన్ వదులుకున్నారు.

2009లో ఆమె పింఛను కాగితాలు నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఆమె తరువాత చేరి, ప్రమోషన్ తీసుకుని వెళ్ళినవారి మూలవేతనం అప్పటికి ఆమెను దాటిపోయింది. పింఛను లెక్కకు వచ్చేది మూలవేతనమే గాని, ఇంటి అద్దె భత్యం కాదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కాగితాల మీద సంతకం పెట్టి, "పోనీలెండి, పిల్లల చదువులు ఇక్కడే అయ్యాయి" అన్నారు. ఆనాడు నేను కట్టిన లెక్కలో తప్పు లేదు. కానీ అది ఒక్క నెల లెక్క. పదేళ్ళ తరువాతి లెక్క కూడా చెప్పవలసిన బాధ్యత నాది. అది చెప్పలేదు.

ఇప్పటి అంకెల్లో చూడండి. 2008లో నగరాలను ఎక్స్, వై, జడ్ అని మూడు వర్గాలు చేశారు. హైదరాబాదు ఎక్స్. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, వరంగల్లు వై. 2015లో నెల్లూరు కూడా అందులో చేరింది. 2024 జనవరిలో కరువుభత్యం 50 శాతానికి చేరినప్పుడు అద్దె భత్యం 30, 20, 10 శాతాలైంది. ఆ లెక్కన కొత్త నర్సుకు హైదరాబాదులో 13,470, గుంటూరులో 8,980, చిన్న ఊళ్ళో 4,490 వస్తుంది. మొదటి ఊరికీ చివరి ఊరికీ తేడా 8,980. మూలవేతనం అందులో 8,700 పెరిగి 53,600 కావాలంటే ఆరు ఇంక్రిమెంట్లు పడాలి. అందుకే వయసులో ఉన్నప్పుడు ఊరి డబ్బే పెద్దదిగా కనిపిస్తుంది. కానీ అందులో అధికభాగం ఇంటి యజమాని చేతికే పోతుంది, బదిలీ అయిన రోజున ఆగిపోతుంది. ఇంక్రిమెంటు మాత్రం చివరిదాకా మన వెంట వస్తుంది. 2004 తరువాత చేరి కొత్త పింఛను పథకంలో ఉన్నవారికీ చందా మూలవేతనం, కరువుభత్యాల మీదే గాని అద్దె భత్యం మీద కాదు.

ప్రైవేటు ఆసుపత్రుల సంగతి వేరు. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి, 50 నుంచి 100 ఉంటే ఇరవై అయిదు శాతానికి మించి తగ్గరాదని, 50 లోపు పడకలున్నా కనీసం 20,000 ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు చేయవలసింది రాష్ట్రాలు.

మా మనవరాలు నర్సింగ్ పూర్తి చేసి ఇటీవల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరబోతూ, "తాతయ్యా, నెలకు ఇంత ఇస్తారట, చేరమంటావా?" అని అడిగింది. "చేరమ్మా. కానీ పదేళ్ళు పనిచేసినవాళ్ళకు అక్కడ ఎంతిస్తున్నారో ముందు కనుక్కో. అనుభవ ధ్రువపత్రం తేదీలతో సహా రాయించుకో" అన్నాను. అడిగి వచ్చింది. పదేళ్ళ సిస్టర్‌కూ కొత్తగా చేరే పిల్లకూ తేడా చాలా స్వల్పమట. ఇప్పుడు ప్రభుత్వ పరీక్షకు చదువుతోంది.

మన ఇళ్ళలో నర్సులైన కూతుళ్ళు, కోడళ్ళు, మనవరాళ్ళు ఎందరో ఉన్నారు. జీతం కాగితం వచ్చినప్పుడు అడుగున ఉన్న మొత్తం కంటే ముందు మూలవేతనం గడి చూడమని చెప్పండి. 1999లో నేను చెప్పలేకపోయిన మాట అదే.

సెలవు.