పచ్చచుక్క క్షీణత: గృహదృష్టిపరీక్షా చరిత్ర

వార్ధక్యమున నేత్రపటలము నడుమనుండు పచ్చచుక్క క్రమముగా శిథిలమై, చదువుటకును, సూదిలో దారమెక్కించుటకును, ఎదుటివారి ముఖము గుర్తించుటకును ఆధారమైన మధ్యదృష్టి నశించు వ్యాధిని వైద్యులు ఏ.ఎం.డి. అని వ్యవహరింతురు. ఇందు పొడిరకమనియు తడిరకమనియు రెండు భేదములు కలవు. పొడిరకమున నేత్రపటలము క్రింద డ్రూసెన్ అను పసుపువన్నె నిక్షేపములు చేరి ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. తడిరకమున క్రొత్త రక్తనాళములు పుట్టి, వాటినుండి ద్రవమును రక్తమును ఊరుటచేత, కొద్దివారములలోనే చూపు చెడిపోవచ్చును. మొదటి రకమునుండి రెండవదానిలోనికి రోగి జారు సమయమును పసిగట్టుటకై, అతడే తన యింట తన చూపును పరీక్షించుకొను పద్ధతులు సుమారు ఎనుబది సంవత్సరములుగా పెంపొందుచున్నవి.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ నేత్రాంతర్దర్శినిని వెలువరించు వరకు బ్రదికియున్న మనుష్యుని కంటి వెనుకగోడను చూచుట వైద్యులకు సాధ్యము కాలేదు. 1855లో డచ్చి శాస్త్రజ్ఞుడు డాండర్స్ డ్రూసెనును వర్ణించెను. 1874లో లండనునందు హచిన్‌సన్, టే అను వైద్యులు వృద్ధుల కన్నులు రెంటను సమముగా కనబడు మధ్యభాగ క్షయమును గూర్చి వ్రాసిరి. 1885లో స్విట్జర్లండు వైద్యుడు హాబ్ దానిని వార్ధక్యవ్యాధిగా నిరూపించెను. అదియంతయు వ్యాధిని వైద్యుడు చూచిన కాలమేగాని, రోగి తానై కనిపెట్టుకొన్న కాలము గాదు.

ఆ మార్పు జ్యూరిచ్ నగరపు నేత్రవైద్యాచార్యుడు మార్క్ ఆమ్స్లరు (1891–1968) వలన కలిగెను. 1940-50 దశకమున ఆయన వెలువరించిన పటములలో మొదటిది నేటికిని వాడుకలోనున్నది. పది సెంటీమీటర్ల చదరము. అందు ఐదేసి మిల్లీమీటర్ల గళ్ళు నాలుగువందలు. నడుమ ఒక చుక్క. చదువుకొను కళ్ళజోడు పెట్టుకొని, ఒక కంటిని అరచేత మూసి, ముప్పది సెంటీమీటర్ల దూరమున పటమునుంచి చుక్కవైపే చూచుచుండగా, గీత వంకరపోయినట్లో, గళ్ళు కుంచించుకొన్నట్లో, ఒకచోట మసక కమ్మినట్లో తోచినచో అది అపాయసూచన. ఒక్కొక్క కంటిని వేరుగా పరీక్షించుట ఇందు ప్రాణప్రదమైన నియమము. ఏలయన, రెండు కన్నులును తెరచియున్నపుడు మంచి కన్ను చెడ్డకంటి లోపమును కప్పిపుచ్చును. అట్లే మనుష్యుని మెదడు చిన్నచిన్న ఖాళీలను చుట్టుపట్ల గీతలతో తానే పూరించుకొనును. చూపు చుక్కనుండి తొలగుట, కొంతకాలమునకు పరీక్ష మానివేయుట అను లోపములు గూడ చేరి, ఈ పటము అనేకుల విషయమున వ్యాధిని ఆలస్యముగా గాని పట్టియీయలేదు. అయినను ఖర్చులేనిదియు, గోడకంటించుకొనదగినదియునగు సాధనము ఇంతకు మించినది మరియొకటి పుట్టలేదనుట న్యాయము.

పటము పుట్టిన పిదప చాలకాలమువరకు, వ్యాధిని తెలిసికొన్నను చేయదగిన చికిత్స స్వల్పము. లేజరు కిరణములతో రక్తనాళములను కాల్చుటవలన పచ్చచుక్కయు కొంత కాలిపోయెడిది. కంటిలోనికి సూదిమందెక్కించి ఆ నాళముల పెరుగుదల నరికట్టు ఔషధములు 2004 మొదలు అమెరికాలో అనుమతి పొందగా, వానిలో ప్రసిద్ధమైన రానిబిజుమాబ్ 2006 జూనునందు వచ్చినది. అప్పటినుండియే గృహపరీక్షకు నిజమైన విలువ యేర్పడెను: ఈ మందు ఉన్న చూపును నిలుపుటయందు నేర్పరియేగాని, మచ్చగట్టి పోయిన చూపును తిరిగి తెచ్చుటయందు గాదు.

ఎవరిని కనిపెట్టియుండవలెనను ప్రశ్నకు అమెరికా జాతీయ నేత్రసంస్థ నడపిన ఆరెడ్స్ అను దీర్ఘపరిశోధన సమాధానమిచ్చెను. 2005లో ప్రకటించిన దాని గణన మిక్కిలి సులభము: పెద్ద డ్రూసెనున్న కంటికొక అంకె, వర్ణకణముల మార్పున్న కంటికొక అంకె, రెండు కన్నులకును కూడగా సున్న మొదలు నాలుగు వరకు. ఐదేండ్లలో వ్యాధి ముదురు సంభావ్యత వరుసగా నూటికి అర, మూడు, పన్నెండు, ఇరువదియైదు, ఏబది. ఇది వైద్యుడు చెప్పు భవిష్యత్తు. ఏ వారమున ముదురునో చెప్పుట దీనికి చేతగాదు. ఆ లోటును పూరించుటకై ఇజ్రాయెల్ దేశపు నోటల్ విజన్ సంస్థ ఫోర్‌సీహోమ్ యంత్రమును నిర్మించెను. 2009 డిసెంబరునందు దీనికి అమెరికా ఔషధనియంత్రణ శాఖ అనుమతి లభించెను. తెరపై వరుసగా చుక్కలు మెరసి మాయమగును. వానిలో ఎచ్చట మెలిక కనబడునో రోగి చూపవలెను. రెండు గీతల మధ్యనుండు అత్యల్ప వైషమ్యమును గూడ పట్టగల మనుష్యదృష్టి సూక్ష్మతయే దీనికాధారము. ప్రతిదినపు ఫలితమును రోగి పూర్వఫలితములతోనే పోల్చి, తేడా హెచ్చినచో వైద్యునికి కబురంపుదురు. 1,520 మందితో జరిగిన హోమ్ అధ్యయనము 2014లో ప్రకటింపబడెను: వ్యాధి తడిరకముగా మారినవారిలో, యంత్రము వాడినవారు దృష్టిపరీక్షా పట్టికమీద నాలుగక్షరములు కోల్పోగా, తక్కినవారు తొమ్మిది కోల్పోయిరి. ఇవి మధ్యస్థ విలువలు. నేత్రపటలపు పొరలనే ఇంటిలో చిత్రించు ఓ.సి.టి. యంత్రమునకు 2024 మే నెలలో అమెరికాలో అనుమతి లభించినది.

ఆంధ్రదేశమున ఈ వ్యాధి కొలత ప్రధానముగా ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞానసంస్థ పుణ్యమే. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున నెలకొల్పిన ఆ సంస్థ 1996–2000 నడుమ ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి పరిశీలన జరిపెను. హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతములయందు నలుబదేండ్లు నిండిన 3,723 మందిని పరీక్షింపగా, వ్యాధి వ్యాప్తి నూటికి 1.82గా తేలినట్లు 2005లో ప్రచురించిరి. చుట్ట త్రాగిన చరిత్ర కలవారికి అపాయము మూడింతలకు మించియుండెను. విశాఖ మండలము ఆ పరిశీలనలో చేరలేదు. కాని చుట్ట నిప్పుకొనను నోటనుంచుకొని త్రాగు అడ్డపొగకు పేరుగాంచిన ఉత్తరాంధ్ర తీరమున ఆ ఫలితమును ఉపేక్షింపరాదు. పైని చెప్పిన ఆరెడ్స్ పరిశోధన సూచించిన పోషకపు మాత్రలలోని బీటాకెరోటిన్ పొగత్రాగువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు భయము పెంచునని తెలిసినందున, 2013లో దానికి బదులుగా ల్యూటిన్, జియాజాంథిన్ చేర్చుట మేలని నిర్ణయించిన సంగతియు ఇచ్చటివారు ఎరుగదగినది.

విశాఖ చెంతనున్న రుషికొండ వాసులకు సూదిమందు చికిత్స దూరము గాదు. రానిబిజుమాబ్ వచ్చిన 2006వ సంవత్సరముననే విశాఖ హనుమంతవాక కూడలియొద్ద ఎల్.వి. ప్రసాద్ సంస్థవారి జి.ఎం.ఆర్. వరలక్ష్మి ప్రాంగణము వెలసినది. వాల్తేరున ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల కలదు. దూరమల్లా తెలిసికొనుటలోనే యున్నది. చూపు మందగించినదనగానే శుక్లమని తలచి, అది ముదిరిన పిమ్మట శస్త్రచికిత్స చేయించుకొందమని వాయిదా వేయుట మన పెద్దలకు పరిపాటి. శుక్లము వేచియుండును, తడిరకపు క్షీణత వేచియుండదు.

కావున డ్రూసెన్ కలవని వైద్యుడు చెప్పినవారు గళ్ళపటమును బీరువా తలుపున కంటించుకొని, ఒక్కొక్క కన్ను మూసి ప్రతిదినమును చూచుకొనవలెను. సముద్రము కనబడు చోట నివసించువారు నీరును ఆకాశమును కలియు గీతను గూడ అట్లే పరికింపవచ్చును. ఏ గీత వంగినట్లు తోచినను, మరల సరిపడునేమోయని యెదురుచూడక, వెంటనే నేత్రపటల నిపుణుని దర్శింపవలెను.